‘పోయిన వారం’ కాదు మేడమ్, ‘ఆఖరి వారం’

పిల్లలూ, ఈ వ్యాసం తెలుగు విభాగంలో ఉంది కాని, విషయం ఇంగ్లీషు వ్యాకరణం. తెలుగు టీచరుకి ఇంగ్లీషు గ్రామర్‌తో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఒక అరేంజ్‌మెంట్ పీరియడ్ వరకూ నాకూ అలాగే అనిపించేది.

ఆ రోజు ఇంగ్లీషు మేడమ్ సెలవులో ఉన్నారు. ఏడో తరగతికి నన్ను పంపారు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని, మరచిపోలేని రోజుల గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు రాయమన్నాను. రాసిన వాళ్ళవి రాసినట్టు ఎర్ర పెన్నుతో దిద్దుతూ పోయాను. ఆ ఏడాదే విశాఖపట్నం నుంచి వచ్చి చేరిన ఒక అమ్మాయి పుస్తకంలో ఈ వాక్యం కనిపించింది: ‘ది లాస్ట్ వీక్ వజ్ వెరీ షార్ట్.’ ‘లాస్ట్ వీక్’ ముందు ‘ది’ రాకూడదని నేను చిన్నప్పుడే బట్టీ పట్టాను. కొట్టేశాను. అర మార్కు తగ్గించాను కూడా.

గంట కొట్టాక ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని నా వెనకే వరండాలోకి వచ్చింది. తరగతిలో ఎప్పుడూ ఇంగ్లీషో హిందీయో తప్ప మాట్లాడదు. ఆ పూట మాత్రం తెలుగులో అంది: “పోయిన వారం కాదు మేడమ్. ఆఖరి వారం.”

విశాఖలో వాళ్ళ ఆఖరి వారం అది. సామానంతా అట్టపెట్టెల్లోకి వెళ్ళిపోయి, గోడల మీద మేకులు మాత్రం మిగిలిన క్వార్టర్‌లో గడిపిన వారం. అది ఇట్టే అయిపోయిందని రాసింది. నేను దిద్దిన వాక్యం ప్రకారం ఇట్టే అయిపోయింది పోయిన వారం. పోయిన వారమంతా మాకు ఇక్కడ యూనిట్ టెస్టులు! నా వాక్యంలో వ్యాకరణం తప్పు లేదు. కాని అది నిజం కాదు, ఆ పిల్ల రాసిందీ కాదు. అర మార్కు తిరిగి వేశాను. ఆ ‘ది’ని మాత్రం అప్పటినుంచి మరచిపోలేదు.

నాకు ఆ రోజు తెలిసిన సంగతి ఇదీ. ఆ అమ్మాయి నా తప్పును ఇంగ్లీషు రూలు చెప్పి దిద్దలేదు, రెండు తెలుగు మాటలతో దిద్దింది. కాలాన్ని చెప్పే మాటల ముందు ‘ది’ ఎప్పుడు రావాలో, ఎప్పుడు రాకూడదో మన పిల్లలకి నేర్పడానికి తెలుగు అడ్డం కాదు. అదే దగ్గరి దారి. ఈ మాట మీతోనూ, మీ పుస్తకాలు దిద్దే మాలాంటి వాళ్ళతోనూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మామూలుగా మనం వినేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ‘ఎ, యాన్, ది’ తప్పుగా పడితే చాలు, “మదర్ టంగ్ ఇన్‌ఫ్లుయెన్స్” అంటారు, జలుబు చేసింది అన్నట్టుగా. అందులో సగం నిజముంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు. మీ పక్క బెంచీ వాళ్ళ తమిళంలోనూ ఇంగ్లీషులో ఉన్నట్టు లేవు, మీరు స్కూల్లో మాట్లాడే హిందీలోనూ లేవు. కాబట్టి తడబాటు సహజం. కాని ఆర్టికల్ అనే మాట లేనంత మాత్రాన అది చేసే పని మన భాషలో జరగడం లేదని కాదు.

అసలు ఈ ‘ఎ’, ‘ది’ ఎక్కడివి? ‘ఎ’, ‘యాన్’ అనేవి పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాట అరిగి మిగిలిన ముక్కలు. ‘ది’ అనేది ‘అది, ఆ’ అని చూపించే మాటల కుటుంబం నుంచి వచ్చింది. అంటే ఇంగ్లీషు వాళ్ళ ‘ఒక’, ఇంగ్లీషు వాళ్ళ ‘ఆ’. ఈ రెండూ మనకి ఉన్నవే.

మన ఊరి ఆదివారాన్నే తీసుకోండి. సారం నుంచి కామరాజ్ సాలై మీదుగా టౌన్లోకి వెళ్తే గాంధీ వీధిలో సండే మార్కెట్. “ఆదివారం మార్కెట్‌కి వెళ్దాం” అంటే రాబోయే ఆదివారమని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ ఆదివారమని ఎవరూ అడగరు. ఇంగ్లీషులోనూ అంతే, ‘ఆన్ సండే’, ఆర్టికల్ లేదు. “మేం పుదుచ్చేరిలో దిగింది ఒక ఆదివారం” అంటే ఏదో ఒకటి, ఏదన్నది ముఖ్యం కాదు. అక్కడ ‘ఆన్ ఎ సండే’. “పరీక్షల ముందు ఆదివారం జోరున వాన” అంటే ఫలానా అని గుర్తు పెట్టి చెబుతున్నాం. అక్కడ ‘ఆన్ ది సండే బిఫోర్ ది ఎగ్జామ్స్’. “ఆదివారాల్లో” అంటే ‘ఆన్ సండేస్’. మూడు రూల్స్ బట్టీ పట్టనక్కర్లేదు. ‘ఏ ఆదివారం?’ అని మిమ్మల్ని మీరు తెలుగులో అడిగి, వచ్చిన జవాబు వినండి.

ఊరి పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇక్కడ వీధి పేర్ల పలకల మీద ఫ్రెంచి కనిపిస్తుంది కదా, ఆ భాషలో ‘దిమాంష్’ అంటే ఆదివారం. ఆర్టికల్ లేకుండా ‘దిమాంష్’ అంటే ఈ ఆదివారం. ముందు ‘ల’ అనే ఆర్టికల్ పెట్టి ‘ల దిమాంష్’ అంటే ప్రతి ఆదివారం. ఇంగ్లీషు ‘ది’ చూసి ఫలానా ఒక్కటి అనుకోవడం అలవాటైన వాళ్ళకి ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఆర్టికల్స్ ఉన్న భాషలన్నీ కాలాన్ని ఒకేలా కొలవవు. ఒక భాష పద్ధతి తెలియనంత మాత్రాన ఎవరూ మొద్దులైపోరు.

ఇక అసలు విషయం. ‘నెక్స్ట్’, ‘లాస్ట్’ అనే రెండు మాటల దగ్గర పడే తప్పులు మిగతా అన్నిటికన్నా ఎక్కువ. ‘నెక్స్ట్ డే’ అనాలా, ‘ది నెక్స్ట్ డే’ అనాలా? దీనికి జవాబు తెలుగులో ఎంత స్పష్టంగా ఉందో చూడండి.

రేపు, మర్నాడు. రెండూ తర్వాతి రోజే. కాని మనం ఒకదాని చోట ఇంకొకటి వాడం. “రేపు స్కూలు లేదు” అని ఈ రోజు నిలబడి చెబుతాం. “మర్నాడు స్కూలు లేదు” అనాలంటే ముందు ఏదో ఒక కథ నడుస్తుండాలి. రేపు లెక్క ఇప్పటినుంచి, మర్నాడు లెక్క కథలోని రోజు నుంచి. నిన్నకీ, ముందు రోజుకీ ఉన్న తేడా అదే. పోయిన ఏడాదికీ, అంతకు ముందు ఏడాదికీ ఉన్న తేడా అదే. వచ్చే వారం, ఆ పై వారం అన్నా అంతే.

ఇంగ్లీషులో ‘ది’ చేసే పని ఇక్కడ సరిగ్గా ఇదే. మనం నిలబడిన ఈ క్షణం నుంచి లెక్క పెడితే ‘ది’ అక్కర్లేదు. టుమారో, యస్టర్‌డే, లాస్ట్ ఇయర్, నెక్స్ట్ వీక్. కథలో ఉన్న రోజు నుంచి లెక్క పెడితే ‘ది’ కావాలి. ది నెక్స్ట్ డే, ది ఇయర్ బిఫోర్, ది ఫాలోయింగ్ వీక్. ‘లాస్ట్’కి ఇంకో అర్థం కూడా ఉంది, ‘ఆఖరి’ అని. ఒక వరసలో చివరిదాన్ని ఏరి చూపిస్తున్నాం కాబట్టి అక్కడా ‘ది’ రావాలి. వరండాలో నాకు పాఠం చెప్పిన వాక్యం అదే.

మన ఊరి క్యాలెండరులోనే దీనికి ఉదాహరణ ఉంది. ఆగస్టు 15 దేశమంతటికీ స్వాతంత్ర్య దినం. పుదుచ్చేరికి ఆగస్టు 16 కూడా ముఖ్యమైన రోజు. 1954 నవంబరు 1న ఫ్రెంచి వాళ్ళు ఇక్కడి పాలన మనకి అప్పగించినా, చట్టప్రకారం ఈ ప్రాంతం భారతదేశంలో కలిసింది 1962 ఆగస్టు 16న. ఇప్పుడు మీరు 15వ తేదీన జెండా వందనం అయ్యాక ఫ్రెండ్‌కి చెబితే ‘టుమారో ఈజ్ ఆల్సో ఇంపార్టెంట్ హియర్’ అంటారు. అదే సంగతి సెప్టెంబరులో వ్యాసంగా రాస్తే ‘ది నెక్స్ట్ డే వజ్ ఆల్సో ఇంపార్టెంట్’ అని రాయాలి. రోజు మారలేదు. మీరు నిలబడిన చోటు మారింది. రేపు కాస్తా మర్నాడయింది.

హిందీ ఈ పని ఇంకోలా చేస్తుంది. ‘కల్’ అంటే నిన్నా కావచ్చు, రేపూ కావచ్చు. ఏదో క్రియని బట్టి తెలుసుకోవాలి. కథలోని మర్నాటికి ‘అగ్లే దిన్’ అంటారు. తమిళ స్నేహితుణ్ణి అడిగి చూడండి. రేపటికి ‘నాళై’ అనీ, మర్నాటికి ‘మరునాళ్’ అనీ చెబుతాడు. మన మర్నాడుకీ వాళ్ళ మరునాళ్‌కీ ఉన్న చుట్టరికం వినగానే తెలుస్తుంది. యానాం నుంచి తల్లిదండ్రుల బదిలీతో ఇక్కడికి వచ్చి, గోదావరి ఒడ్డు తెలుగుని తమిళం మధ్య మాట్లాడుకునే పిల్లలకి ఈ చుట్టరికం ఎప్పుడో తెలిసి ఉంటుంది.

బదిలీల ఇళ్ళలో పెరిగే మీకు ఈ పాఠం అందరికన్నా తేలిగ్గా అర్థం కావాలి. టీసీ తీసుకున్న ప్రతిసారీ మీ ‘ఇక్కడ’ మారుతుంది, మీ ‘ఇప్పుడు’ మారుతుంది. నిన్నటిదాకా ‘మన స్కూలు’ అన్నది ఇవాళ ‘ఆ స్కూలు’ అవుతుంది. ఎక్కడ నిలబడి లెక్క పెడుతున్నామో చూసుకోవడం మీకు జీవితమే అలవాటు చేసింది. దాన్ని కాగితం మీద పెట్టడమే మిగిలింది.

తెలుగు పట్టుకుంటే ఇంకొన్ని చిక్కులు కూడా విడిపోతాయి. లీవ్ లెటర్ రాసేటప్పుడు ‘టూ డేస్’ దగ్గర ఆగిపోతారు కదా. “రెండు రోజుల క్రితం జ్వరం వచ్చింది” అంటే ‘టూ డేస్ అగో’, ఆర్టికల్ లేదు. “రెండు రోజులుగా జ్వరం” అంటే ‘ఫర్ ది లాస్ట్ టూ డేస్’. ఇది ఇప్పటినుంచే లెక్క కదా, ‘ది’ ఎందుకు వచ్చిందని అడగండి. అడగాల్సిన ప్రశ్నే. ఇక్కడ చెబుతున్నది ఒక రోజు గురించి కాదు. అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగిన మొత్తం వ్యవధి గురించి. తెలుగులో ఆ పని ‘గా’ అనే ఒక్క అక్షరం చేస్తోంది.

“వారానికి రెండుసార్లు”, “గంటకి అరవై కిలోమీటర్లు” అన్నచోట మన ‘కి’ చేసే పని ఇంగ్లీషులో ‘ఎ’, ‘యాన్’ చేస్తాయి. ‘ట్వైస్ ఎ వీక్’, ‘సిక్స్‌టీ కిలోమీటర్స్ యాన్ అవర్’. అవర్ ముందు ‘యాన్’ ఎందుకంటే రాతలో ఉన్న హెచ్ పలుకులో లేదు. చెవికి అచ్చుతో మొదలవుతోంది కాబట్టి ‘యాన్’. చెవిని నమ్మండి, స్పెల్లింగుని కాదు.

మొన్న అనడానికి మనకి ఒకే మాట. ఇంగ్లీషుకి నాలుగు మాటలు కావాలి, ‘ది డే బిఫోర్ యస్టర్‌డే’. ఎల్లుండికి కూడా అంతే, ‘ది డే ఆఫ్టర్ టుమారో’. మన పిల్లలు ముందున్న ‘ది’ వదిలేసి రాస్తారు. ఏ రోజు? నిన్నటికి ముందు రోజు. ఫలానా అని చూపించాం కాబట్టి ‘ది’ ఉండాలి. మొన్నకి, మొన్నామధ్యకి తేడా తెలుసుగా? మొన్నామధ్య అంటే ఇంగ్లీషులో ‘ది అదర్ డే’.

తేదీల సంగతి కూడా చూద్దాం. అసెంబ్లీలో వార్తలు చదివేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. కాగితం మీద ‘1 నవంబర్’ అని ‘ది’ లేకుండా రాస్తారు, చదివేటప్పుడు ‘ది ఫస్ట్ ఆఫ్ నవంబర్’ అంటారు. తెలుగులో మనం అంకె మాత్రమే వేసి, ‘ఒకటో తేదీ’ అని చదువుతాం. ‘ఓ’ అనే ఆ చిన్న చేర్పు వరసలోంచి ఒకదాన్ని ఏరి చూపిస్తుంది. ‘2019లో’ అంటే ‘ఇన్ 2019’, ఆర్టికల్ లేదు. 1990 నుంచి 1999 దాకా ఆ పదేళ్ళనీ కలిపి చెబితే మాత్రం ‘ఇన్ ది నైన్‌టీన్ నైన్‌టీస్’.

అన్నీ ఇలా అతికినట్టు సరిపోతాయని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే. ‘ఇన్ ది మార్నింగ్’, ‘ఇన్ ది ఆఫ్టర్‌నూన్’, ‘ఇన్ ది ఈవెనింగ్’ అని ‘ది’ పెట్టి, రాత్రి దగ్గరికి వచ్చేసరికి ‘ఎట్ నైట్’ అంటారు. మనం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని అన్నిటినీ ఒకే వరసలో అంటాం. ఇక్కడ తెలుగు మీకు సాయం చేయదు. ఎట్ నూన్, ఎట్ మిడ్‌నైట్, ఎట్ డాన్, ఎట్ నైట్. ఈ నాలుగూ ఒక గుంపు, ‘ది’ లేని గుంపు. ఇవి నోటికి పట్టేదాకా అనుకోవలసిందే. వేసవిలో అనడానికి ‘ఇన్ సమ్మర్’ అన్నా సరే, ‘ఇన్ ది సమ్మర్’ అన్నా సరే. దాని కోసం మార్కు తగ్గిస్తే వచ్చి అడగండి.

కొన్నిచోట్ల తెలుగుని పైపైన తర్జుమా చేసి దెబ్బ తింటాం. ‘నిన్న రాత్రి’ని ‘యస్టర్‌డే నైట్’ అంటాం. ఇంగ్లీషులో చక్కని మాట ‘లాస్ట్ నైట్’. కాని మన పెద్దవాళ్ళు “రాత్రి నిద్ర పట్టలేదు” అంటారు చూడండి. ఏ రాత్రి అని ఎవరైనా అడుగుతారా? గడిచిన రాత్రే. ‘లాస్ట్ నైట్’ కూడా ఆర్టికల్ లేకుండా అంతే దగ్గరగా ఉంటుంది.

ఇది చదివి కొందరు టీచర్లు ఒప్పుకోరని తెలుసు. ఇంగ్లీషు నేర్చుకునేవాడు ఇంగ్లీషులోనే ఆలోచించాలి, మధ్యలో తెలుగు దూరితే వేగం పోతుంది అంటారు. మాట్లాడటం వరకు నేనూ ఒప్పుకుంటాను. తడుముకోకుండా మాట్లాడాలంటే వినాలి, మాట్లాడాలి, అంతే. కాని రాసింది తప్పో ఒప్పో ఆగి చూసుకునేటప్పుడు పిల్లవాడికి ఏదో ఒక కొలబద్ద కావాలి. రెండు మూడేళ్ళకో ఊరు మారే పిల్లవాడికి టీచర్లు మారతారు, స్నేహితులు మారతారు, ఇరుగుపొరుగు భాష మారుతుంది. ఏ లారీలోనూ ఎక్కించకుండానే వెంట వచ్చేది ఇంటి భాష ఒక్కటే. అంత నమ్మకంగా వెంట వచ్చినదాన్ని గుమ్మం బయట ఉంచి పాఠం చెప్పడం నాకు తెలివిగా అనిపించడం లేదు.

నా భయం ఇంకొకటి. నాకూ చాలా పోస్టింగులయ్యాయి. ప్రతి ఊళ్ళోనూ తెలుగు పిల్లలు కనిపించారు, ప్రతి ఊళ్ళోనూ వాళ్ళ తెలుగులోంచి ముందు జారిపోయేవి కాలం మాటలే. మా అబ్బాయి సంగతే చెబుతాను. పుట్టింది ఒక రాష్ట్రం, నడక నేర్చింది ఇంకో రాష్ట్రం. ఒకరోజు “అమ్మా, రేపటి తర్వాత రేపు సెలవు” అన్నాడు. ఎల్లుండి అనే మాట వాడికి తెలియదు. తప్పు వాడిది కాదు. ఇంట్లో మేమే ‘డే ఆఫ్టర్ టుమారో’ అంటున్నాం, అదీ ‘ది’ లేకుండా! మర్నాడు అనే మాట పోయిన పిల్లవాడికి ‘ది నెక్స్ట్ డే’ని దేనితో పోల్చి చెప్పను? తెలుగు మాట ఒకటి పోయినప్పుడు ఇంగ్లీషు మాటని అర్థం చేసుకునే మెట్టు కూడా ఒకటి పోతోంది.

కాబట్టి మాలాంటి వాళ్ళకి ఒక మనవి. కాలం మాటల ముందు ఆర్టికల్ తప్పు కనిపించగానే కొట్టేయకండి. ఒక్కసారి “నువ్వు చెప్పదలచుకున్నది ఏమిటి?” అని పిల్లల్ని వాళ్ళ భాషలో అడగండి. అది తప్పే కాకపోవచ్చు. నాకు ఎదురైనట్టు ఆ ‘ది’ వెనక ఒక వారమంతా ఉండవచ్చు.

మీకు మాత్రం ఒక చిన్న పని. రేపు, మర్నాడు, నిన్న, ముందు రోజు, మొన్న, ఎల్లుండి, పోయిన వారం, ఆఖరి వారం. ఈ ఎనిమిది మాటలతో మీరు వదిలి వచ్చిన ఊరి గురించి ఎనిమిది తెలుగు వాక్యాలు రాయండి. తెలియని మాట ఉంటే ఇంట్లో అడగండి, అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేయండి. తర్వాత వాటి కిందే ఇంగ్లీషులో రాసి, ‘ది’ ఎక్కడెక్కడ వచ్చిందో గీత గీయండి. లంచ్ బ్రేక్‌లో స్టాఫ్ రూమ్‌కి తీసుకురండి, కలిసి చూద్దాం. ఎర్ర పెన్ను తీయను, పెన్సిల్ తెచ్చుకుంటాను.